డూమ్ పద్ధతిలో తెలుగు వెర్సు: స్నేర్ దగ్గర మళ్ళీ జారింది

మళ్ళీ అదే చోట. లూపు (తిప్పి తిప్పి మోగించే ముక్క) బాగుంది, డ్రమ్స్ బాగున్నాయి, నాలుగో బీటులో స్నేర్ డ్రమ్ దెబ్బ మీద మాత్రం మాట జారిపోతోంది. విసుగొచ్చేసింది.

అండర్‌గ్రౌండ్ రాపర్లకి రేటింగులివ్వడం మానేసి, వాళ్ళ పద్ధతిలో నేనే చేసి చూస్తున్నాను కదా, ఈసారి అమెరికన్ రాపర్ ఎంఎఫ్ డూమ్ వంతు. 1999 నాటి ఆపరేషన్: డూమ్స్‌డే ఆల్బమ్‌లో ర్యాప్ అతనిదే, బీట్లూ చాలావరకు అతనివే. ‘పాత ఆర్ అండ్ బి పాటలోంచి ముక్క కోసి తిప్పాడు, అందులో ప్రొడక్షన్ ఏముంది’ అనేవాళ్ళు అలాంటి లూపు మీద ఒక్క వెర్సు (ర్యాప్ చరణం) నిలబెట్టి చూపించాలి.

లూపు హార్మోనియంది. స్పీడు పెంచి శాంపిల్ చేసి 5 సెమిటోన్లు దించాను, కుదిరింది. ఎస్‌పీ-1200 అనే పాత శాంప్లర్ మెషీన్ కోసం ఆస్తులమ్మక్కర్లేదు. ఆ 12 బిట్ గరుకుతనం కోసమే అయితే ఫోన్‌లో కోవాలా అనే శాంప్లర్ యాప్ చాలు.

ఇక గొడవ. టెంపో నిమిషానికి 88 బీట్లు. బీటుకి 682 మిల్లీసెకన్లు, బార్‌లో పదహారో వంతుకి, అంటే ఒక్క స్లాటుకి, 170. స్వింగ్ (ప్రతి జంటలో రెండో స్లాటుని కాస్త వెనక్కి జరపడం) 58 శాతం కాబట్టి స్నేర్ తర్వాతి స్లాటు 198 దగ్గర పడుతుంది. ‘దెబ్బ’ అన్నప్పుడు ‘దె’ స్నేర్ మీదే ఉంది, ‘బ్బ’ పేలేది 230 దగ్గర. అంటే 32 లేటు. అదే చోట ‘నది’ పెడితే ‘ది’ 165కే వచ్చేస్తుంది.

నా గొంతు ట్రాక్ మొత్తం 15 మిల్లీసెకన్లు ముందుకి జరిపాను. ‘నది’ ఇంకా తొందరపడింది. స్వింగ్ 54 చేస్తే డ్రమ్స్ బిగుసుకుపోయాయి. 66 చేస్తే స్లాటు 225కి వెళ్ళి ‘దెబ్బ’ అతికినట్టు పడింది, కానీ బీటు కాస్తా తీన్మార్ అయిపోయింది!

డూమ్ కూడా బీటు వెనకే నడుస్తాడు, అయినా వినసొంపుగానే ఉంటుంది. నా చెవికి తోచిందేంటంటే, అతను వెనకబడితే అన్ని మాటలూ ఒకేలా వెనకబడతాయి. నా వెర్సులో ద్విత్వాలు మాత్రమే వెనకబడి, మిగతావి ముందుకి పరిగెడుతున్నాయి. ఛందస్సు లెక్కలో ‘దె’ గురువు, రెండు మాత్రలివ్వాలి. నేనిచ్చింది ఒక్క స్లాటు. రెండూ ఇస్తే బార్‌లో అక్షరాలు బాగా తగ్గిపోతాయి, అతని గుక్కతిప్పుకోనివ్వని ప్రాసల గొలుసు తెలుగులో ఎలా పట్టాలి?

ఒక అనుమానం మాత్రం ఉంది. ‘బ్బ’కి ముందు గాలి పూర్తిగా ఆగిపోతుంది, ‘ండ’లో ముక్కులోంచి మోగుతూ వస్తుంది. అందుకే ఇలా రాశాను:

సందు మొగలో బండి, ఉడుకుతున్న బొండా
ఎండ దిగని ఎల్బీనగర్, ఎగరలేదు జెండా

లేటు తగ్గలేదు గానీ చెవికి గుచ్చుకోవడం తగ్గింది. పైగా లైను చివర క్రియ లేదు. వచ్చాడు, తెచ్చాడు అని ప్రాస కలిపేవాళ్ళకి నేను మార్కులెయ్యను, అది వ్యాకరణం ఉచితంగా ఇచ్చే ప్రాస.

మైకు డైనమిక్కే. అపార్ట్‌మెంట్లో కండెన్సర్ పెడితే పక్కింటి కుక్కర్ విజిల్ కూడా ఫీచరింగ్ ఆర్టిస్టే.

తర్వాతి ఎనిమిది బార్లలో ప్రతి స్నేర్ మీదా ‘ండ’, ‘ంద’, ‘ంగ’ మాటలే పెడతాను, స్వింగ్ 60. అది నిలబడితే 2004లో వచ్చిన మ్యాడ్‌విలనీ ఆల్బమ్‌లో ప్రొడ్యూసర్ మ్యాడ్‌లిబ్ డూమ్‌కి ఇచ్చిన బీట్ల వైపు వెళ్ళాలి. అతను వాడిన ఎస్‌పీ-303 శాంప్లర్‌లోని కంప్రెసర్ తరహా ఊపిరాడనితనం కోవాలాలో ఎంతవరకు వస్తుందో చూడాలి.