నాన్న పేరిట వచ్చే పుస్తకాల కట్టలు

2018 ఆగస్టులో ఒక శనివారం నాన్న వాళ్లింటికి వెళ్లేసరికి వరండాలో టీపాయ్ కనిపించలేదు. దాని మీదా, కిందా, పక్కనా అన్నీ కంపెనీల వార్షిక నివేదికలే. ఒక్కోటీ ప్లాస్టిక్ కవర్లో, నున్నటి మందపాటి కాగితం మీద రంగుల బొమ్మలతో, రెండు వందల పేజీలకు తక్కువ లేకుండా ఉంది. ఏటా జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ ఇంట్లో ఇదే వరస. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగించే కంపెనీలు మామూలుగా సెప్టెంబరు 30లోగా సర్వసభ్య సమావేశం జరపాలి. దానికి కనీసం 21 రోజుల ముందే నోటీసు, నివేదిక పంపాలి. అందుకే అన్నీ ఒక్కసారే వచ్చి పడేవి.

నాన్న ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఏ మంచి కంపెనీ పబ్లిక్ ఇష్యూకి వచ్చినా యాభై, వంద షేర్లకు దరఖాస్తు పెట్టేవారు. కొన్ని ఆయన పేర, కొన్ని అమ్మ పేర, కొన్ని ఇద్దరి పేరా. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట పొడి అక్షరాలు. కంపెనీ రికార్డుల్లో ఒక్కో ఫోలియో, అంటే షేర్ల ఖాతా, ఒక్కో మనిషి కింద లెక్క. ఆ రోజు ఒకే కంపెనీ నివేదిక మూడు కాపీలు దొరికాయి. మూడూ చింపని కవర్లే. అచ్చయి, ఊళ్లు దాటి, పోస్ట్‌మ్యాన్ సైకిల్ మీద మోసుకొచ్చిన పుస్తకం, ఒక్క పేజీ కూడా తిప్పకుండా పాతపేపర్ల బస్తాలోకి పోతోంది. నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంది.

"ఇవి ఆపించేద్దాం నాన్నా, ఈ-మెయిల్‌లో వస్తాయి" అన్నాను.

"వద్దులేమ్మా. పుస్తకం ఆగితే దాంతోపాటు డివిడెండూ ఆగిపోతుందేమో. ఎందుకొచ్చిన గొడవ" అన్నారు.

ఈ భయం చాలామంది పెద్దవాళ్లలో చూశాను. డివిడెండ్, అంటే కంపెనీ లాభంలో మన వాటా, వెళ్లేది బ్యాంకు ఖాతా వివరాలను బట్టి. అప్పట్లో పుస్తకం వచ్చేది ఈ-మెయిల్ నమోదు కాకపోవడం వల్ల. ఒకటి ఆపితే రెండోది ఆగదు. నివేదికలు ఈ-మెయిల్‌లో పంపవచ్చని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2011లోనే చెప్పింది. మేమే ఏడేళ్లుగా ఈ-మెయిల్ ఇవ్వలేదు. ఇదంతా రెండు పూటలు చెబితే గానీ ఆయన మెత్తబడలేదు.

మొదట్లో తెలియక ఒక వారం వృథా చేశాను. పుస్తకాల మీదున్న చిరునామాలు చూసి పదకొండు కంపెనీలకు పదకొండు ఉత్తరాలు రాశాను. రెండు కంపెనీల నుంచి జవాబు వచ్చింది: మీ షేర్లు డీమ్యాట్‌లో (కాగితం లేని ఎలక్ట్రానిక్ ఖాతాలో) ఉన్నాయి, ఈ-మెయిల్ మార్పు మీ డిపాజిటరీ పార్టిసిపెంట్ (ఆ ఖాతా తెరిచిన బ్యాంకు లేదా బ్రోకరు) దగ్గరే చేయించుకోవాలి అని. అప్పటికి గానీ అర్థం కాలేదు. డీమ్యాట్ షేర్లయితే కంపెనీలు మన పేరు, చిరునామా, ఈ-మెయిల్ అన్నీ ఆ ఎలక్ట్రానిక్ షేర్ల లెక్క ఉంచే డిపాజిటరీ సంస్థ నుంచే తీసుకుంటాయి. డీమ్యాట్ ఖాతా ఉన్నచోట ఒక్క ఫారం ఇస్తే ఆ ఖాతాలోని కంపెనీలన్నిటికీ ఒకేసారి సరిపోతుంది. మా ఇంటికి వచ్చే కట్టలో సగానికి పైగా ఆ ఒక్క ఫారంతోనే తేలిపోయింది. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు అక్కడికే వెళ్లండి.

మిగిలినవి కాగితం సర్టిఫికెట్లు. వాటికి కంపెనీ రిజిస్ట్రార్‌కి, అంటే కంపెనీ తరఫున షేర్‌హోల్డర్ల రికార్డులు చూసే సంస్థకి, విడివిడిగా రాయాలి. ఆ రిజిస్ట్రార్ చిరునామా నివేదికలోనే ఉంటుంది కాబట్టి, ఆపించాలనుకున్న పుస్తకాలన్నీ ముందు విప్పాల్సి వచ్చింది. ఉత్తరంలో ఫోలియో నంబరు, సర్టిఫికెట్ మీద ఎలా ఉందో అలాగే పేరు, ఈ-మెయిల్, ఫోన్ నంబరు రాసి, పాన్ కార్డు కాపీ మీద సంతకం పెట్టి జత చేశాం. పేర్ల వరస ఒకటిగా ఉన్న ఫోలియోలను కలిపేయమని కూడా అడిగాం. అమ్మ పేరు ముందున్నదీ, నాన్న పేరు ముందున్నదీ కలవవు.

అన్నిటికన్నా కష్టమైంది సంతకం. నాన్నకి డెబ్భై నాలుగేళ్లు, చెయ్యి వణుకుతుంది. రిజిస్ట్రార్ దగ్గరున్నది 1994 నాటి సంతకం. ఒక సాయంత్రం ఆయన చింపిన కవర్ల వెనక వైపు అదే సంతకం పదే పదే పెట్టి చూసుకున్నారు. చివరి అక్షరం కింద గీత పాత రోజుల్లో ఒక్క ఊపులో వచ్చేది, ఇప్పుడు మధ్యలో ఆగిపోతోంది. ఏడెనిమిది కవర్లు నిండాయి. ఒక రిజిస్ట్రార్ నుంచి సంతకం సరిపోలేదని వెనక్కి వచ్చింది కూడా. బ్యాంకు మేనేజర్ చేత సంతకం ధృవీకరించి పంపాక పనైంది. మీ పెద్దవాళ్ల పేర కాగితం షేర్లు ఉంటే, చెయ్యి బాగున్నప్పుడే ఈ పని పూర్తి చేయమని నా మనవి.

ఫోలియో నంబర్లు రాసుకోవడానికి కవర్లన్నీ విప్పుతుంటే, రెండు లావుపాటి పుస్తకాల మధ్య అతుక్కుపోయి ఒక పల్చటి కవరు కనిపించింది. ప్రకటన అనుకుని పక్కన పడేయబోయి, ఎందుకో విప్పాను. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోలేదు, ఫలానా తేదీలోగా క్లెయిమ్ చేయకపోతే షేర్లతో సహా ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కి బదిలీ చేస్తాం అని ఉంది. అలా బదిలీ చేసే ముందు కంపెనీ మూడు నెలల ముందుగా సభ్యుడికి, అంటే షేర్లున్నవారికి, తెలియజేయాలి. ఆ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. మాకు మిగిలింది పంతొమ్మిది రోజులు. ఒకసారి ఫండ్‌కి వెళ్లినా మళ్లీ తెచ్చుకోవచ్చు గానీ, ఆ ఫారాలూ ఆ తిరుగుడూ ఈ వయసులో ఆయన వల్ల కాదు. ఆ రాత్రే టేబుల్ సొరుగులు వెతికితే గడువు తీరిన డివిడెండ్ వారెంట్లు (చెక్కుల్లాంటివి) మూడు దొరికాయి. మిగతావి ఏ పుస్తకంతోపాటు పాతపేపర్లలోకి పోయాయో! క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేసి మర్నాడే స్పీడ్ పోస్టులో పంపాం. డబ్బు నేరుగా ఖాతాలో పడింది. "మంచి పని చేశావమ్మా" అని నాన్న మనస్ఫూర్తిగా అన్నది ఆ రోజే.

తక్కిన పోస్టు సంగతి తేలిక. బ్యాంకు స్టేట్‌మెంట్, మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్ ఈ-మెయిల్‌కి మార్పించాం. ఇదివరకు అద్దెకున్నవాళ్ల పేరిట వచ్చేవి "ఈ చిరునామాలో లేరు" అని రాసి పోస్ట్‌మ్యాన్‌కే తిరిగి ఇస్తున్నాం. న్యూస్‌పేపర్‌లో పెట్టి పంచే కరపత్రాలను మాత్రం ఆపలేకపోయాను.

ఈ-మెయిల్ ఇస్తే సరిపోదు, దాన్ని ఎవరో ఒకరు చూడాలి. నాన్న పేర కొత్త ఐడీ తెరిచి నా ఫోన్లోనూ పెట్టుకున్నాను. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ఏమొచ్చాయో చదివి వినిపిస్తాను. అది కుదరని ఇంట్లో కాగితం ఆపించకపోవడమే మేలంటాను.

ఇప్పుడు పద్ధతి కొంత మారింది. కాగితం షేర్లకు రిజిస్ట్రార్ దగ్గర ఐఎస్ఆర్-1 అనే ఫారం ఉంది, పాన్, ఈ-మెయిల్, బ్యాంకు వివరాలన్నీ అందులోనే ఇవ్వవచ్చు. 2024 డిసెంబరులో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నియమం మార్చాక, ఈ-మెయిల్ ఇవ్వనివాళ్లకు కంపెనీలు నివేదిక ఎక్కడ చూడాలో లింకు తెలిపే ఉత్తరం పంపితే చాలు. అయినా ఈ-మెయిల్ ఇవ్వనంత కాలం ఫోలియోకొక ఉత్తరం తప్పదు.

ఒక్క కంపెనీ విషయంలో నాన్న ఒప్పుకోలేదు. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన కంపెనీ అది. "అది మాత్రం పుస్తకమే రావాలి" అన్నారు. అడిగిన సభ్యుడికి అచ్చు కాపీ పంపాలనే నియమం ఉంది కాబట్టి, దానికి అలాగే రాశాం. 2019 ఆగస్టులో వెళ్లేసరికి టీపాయ్ మీద ఆ ఒక్క పుస్తకమే ఉంది. కవరు కత్తెరతో నీటుగా కత్తిరించి ఉంది. నాన్న ఎర్ర పెన్ను పట్టుకుని, తను పనిచేసిన యూనిట్ ఉత్పత్తి లెక్కల దగ్గర గీతలు పెట్టుకుంటూ చదువుతున్నారు.