కిలోంపావు ప్లేటు

వదిన మళ్లీ మానేస్తానంటోంది. ఈసారి నెపం మోకాలి మీద పెట్టలేదు, చిన్నాడి పరీక్షల మీదా పెట్టలేదు. షోల్డర్ ప్రెస్ మీద, అంటే భుజాల దగ్గర్నుంచి రాడ్‌ని తల పైకి ఎత్తే వ్యాయామం మీద పెట్టింది. 20 కిలోల ఉత్త రాడ్ పదిసార్లు ఎత్తుతుంది. అటొకటి ఇటొకటి రెండున్నర కిలోల ప్లేటు తగిలిస్తే మూడోసారికి చేతులు సగంలోనే ఆగిపోతున్నాయి. "నా ఒంటికి ఇంతే రాసిపెట్టుంది" అని తీర్మానం చేసేసింది. దానికి జిమ్ గ్రూపులో వచ్చిన ఓదార్పు చూడాలి: సింహం బొమ్మ, దాని కింద నీ మనసే నీ శత్రువంటూ ఒక ముక్క. అది చూశాక నిద్ర ఎక్కడ పడుతుంది?

ఇందులో మనసు చేసిన పాపమేమీ లేదు. ఉన్నదల్లా లెక్క. పదిసార్లు ఎత్తగలిగే బరువుని బట్టి, ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువెంతో అంచనా కట్టే సూత్రం ఒకటుంది, ఎప్లీ సూత్రం అంటారు. రెప్స్‌ని, అంటే ఎన్నిసార్లు ఎత్తామన్న అంకెని, 30తో భాగించి, ఒకటి కలిపి, బరువుతో గుణించాలి. 20 కిలోలు పది రెప్స్ అంటే గరిష్ఠం దాదాపు 26.7 కిలోలు. అదే మనిషి 25 కిలోలు ఎన్నిసార్లు ఎత్తగలదో వెనక్కి లెక్క వేస్తే వచ్చేది రెండు. వదిన ఎత్తింది కూడా సరిగ్గా రెండే! లెక్క ప్రకారం నడుస్తున్న ఒంటిని పట్టుకుని నీలో పట్టుదల లేదంటే ఎలా?

22.5 కిలోలైతే అయిదు రెప్స్ వచ్చేవి, 21 అయితే ఎనిమిది. కానీ 22.5 కావాలంటే కిలోంపావు ప్లేట్ల జత ఉండాలి. మా జిమ్‌లో ఆ జత ఉందనే పేరుకి. ఒకటి ఎప్పుడూ స్క్వాట్ చేసేవాళ్ల మడమల కింద ఉంటుంది, రెండోది ఏసీ గది తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టి ఉంటుంది. పాతిక కిలోల ప్లేట్లు మాత్రం అద్దం ముందు బారులు తీరి మెరుస్తుంటాయి. వాటిని తీసే మనిషిని నేనింతవరకు చూళ్లేదు. కొనేటప్పుడు ఫొటోలో ఏది బాగుంటుందో చూసి కొంటారు, వాడేవాళ్లకి ఏది కావాలో ఎవరూ అడగరు. ట్రైనర్‌తో చెబితే "కిలోంపావుతో ఏమొస్తుంది మేడమ్, జోష్ ఉండాలి" అన్నాట్ట. 60 కిలోల మీద 5 కలిపితే పెరిగేది ఎనిమిది శాతం, 20 మీద కలిపితే పాతిక శాతం. జోష్ ఎవరికి ఎక్కువ కావాలో ఆయనే చెప్పాలి.

బరువు ఎంత పెంచాలన్న మాట వస్తే చాలు, నాకు సిడ్నీ గుర్తొస్తుంది. 2000 సెప్టెంబరు 19. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడు. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి, 69 కిలోల విభాగం. 1994, 95లలో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆమెది 54 కిలోల విభాగం. సిడ్నీలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత పైకి) 130, మొత్తం 240. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి. ఆఖరి ప్రయత్నానికి రాడ్ మీద 137.5 పెట్టించారు. లేచి ఉంటే స్వర్ణమే. లేవలేదు, కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అన్న మాట అలా మన జిల్లాకి దక్కింది. ఇన్నేళ్లయినా ఆ 137.5 నన్ను వదలదు. అప్పటి నిబంధన ప్రకారం బరువు రెండున్నర కిలోల చొప్పునే పెంచాలి. 135 అడిగి ఉంటే 245 అయ్యేది కదా అని కాగితం మీద ఎన్నైనా వేస్తాం, అవతలివాళ్ల ఎత్తులు ఎలా మారేవో ఎవరు చెప్పగలరు? 2005 నుంచి కిలో చొప్పున పెంచొచ్చు. ఈ రోజుల్లో అయితే 133 అడగొచ్చు, 243 అవుతుంది. ఆ 242.5 కంటే అరకిలో ఎక్కువ!

సరే, 130 నుంచి 137.5కి వెళ్లడమంటే పెరిగింది ఆరు శాతం కూడా లేదు. ప్రపంచ ఛాంపియన్‌కే అంత కష్టమైంది. మా వదిన మాత్రం ఒకేసారి పాతిక శాతం దూకెయ్యాలి, దూకకపోతే మనసు శత్రువు.

ప్లేటు లేకపోతే దారులు లేకపోలేదు. కాళ్లకి కట్టుకునే అరకిలో బెల్టులు దొరుకుతాయి. రాడ్ రెండు చివర్లా ఒక్కోటి బిగించి చుట్టి, జారకుండా క్లిప్పు పెడితే 21 కిలోలవుతుంది. చిన్న ప్లేట్లు సొంతంగా కొనుక్కునేవాళ్లు కన్నం కొలత చూడాలి. జిమ్ రాడ్ చివర 50 మిల్లీమీటర్లుంటుంది, ఇంట్లో వాడే సన్న రాడ్ ప్లేట్లకి కన్నం 30 లోపే, అవి ఎక్కనే ఎక్కవు. ఏదీ కుదరకపోతే ఉత్త రాడ్‌తోనే రెప్స్ పెంచుకుంటూ పోవాలి. 25తో అయిదు రావాలంటే 20తో పద్నాలుగు రావాలి. పది దాటాక ఎప్లీ లెక్క కాస్త తప్పుతుంది కాబట్టి పదిహేను అనుకోవడం మంచిది.

ఇక్కడిదాకా రాసేసరికి వదిన తన నోట్‌బుక్ పేజీ ఫొటో పంపింది. చూస్తే నా కోపం సగం దిగింది. ప్రెస్ మూడోది. దానికి ముందు పుషప్స్ మూడు సెట్లు (విడతలు), ఆ వెనకే ట్రైసెప్స్ (మోచేతికి పైన వెనకవైపు కండ) వ్యాయామం, ఆ రెండూ అయ్యాకే ప్రెస్. సెట్టుకీ సెట్టుకీ మధ్య 40 సెకన్లు. భుజాలూ మోచేతులూ అలిసిపోయాక రాడ్ పట్టుకుంటే ఆ పది రెప్స్ రావడమే గొప్ప. అంటే ఆమె అసలు బలం ఆ పదికంటే ఎక్కువే. పాపం ఆ ప్లేటుని మరీ ఎక్కువ తిట్టానేమో. అసలు అరకిలో జత దొరికినా ఎన్నాళ్లు? వారానికో కిలో చొప్పున ఏడాదికి 52 కిలోలు పెరిగిన షోల్డర్ ప్రెస్ ఎక్కడా ఉండదు. ఎంత చిన్న మెట్టు పెట్టినా ఎక్కడో ఆగాల్సిందే. ఆగినప్పుడు నోట్‌బుక్‌లో ముందు చూడాల్సింది బరువు గడి కాదు: వరస, విశ్రాంతి, నిద్ర గంటలు, ముందురోజు ఉపవాసం. ఒక్కరోజు రెండు రెప్స్ తగ్గితే దాని గురించి ఆలోచించనే అక్కర్లేదు. వరసగా మూడు సార్లు తగ్గితే పది శాతం బరువు దించి మళ్లీ ఎక్కాలి. ఉత్త రాడ్ నుంచి దించడానికేమీ ఉండదు కాబట్టి అప్పుడు డంబెల్స్‌కి వెళ్లాలి. సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలు మానేసినవాళ్లు 80 శాతంతో మొదలుపెడితే ఒకట్రెండు వారాల్లో పాత చోటుకి వచ్చేస్తారు.

గ్రూపులో కొత్తగా 21 రోజుల ఛాలెంజ్ ఒకటి పెట్టారు, ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి లెక్కట. ఈ 21 అనే అంకెకి ఉన్న పరపతి నాకెప్పటికీ అర్థం కాదు. లండన్‌లో 96 మందితో చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి సగటున 66 రోజులు పడుతుందని తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినంతమాత్రాన అలవాటు చెడలేదు. ఒకరోజు జ్వరమొచ్చినవాణ్ణి సున్నాకి తోసేసే ఆట పెట్టి, మనుషులు ఎందుకు మానేస్తున్నారని మళ్లీ వీళ్లే ఆశ్చర్యపోతారు.

అన్నట్టు వదిన పోయిన వారం మోకాళ్లు ఆనించకుండా మొదటి పుషప్ తీసింది. పేజీలో ఓ మూల చిన్న చుక్క పెట్టుకుంది, అంతే.

గురువారం ప్రెస్ మొదట పెట్టమని రాశాను. ఉత్త రాడ్, మూడు సెట్లు, మధ్యలో రెండున్నర నిమిషాలు, ఆఖరి సెట్టులో ఇంకొక్కటి వస్తుందనగా ఆపాలి. పన్నెండు దాటితే బెల్టులు కడదాం. దాటకపోతే రాడ్‌నే తూకం వేస్తాం, 20 అని చెప్పేవన్నీ 20 ఉండవు. ముందు ఉత్తగా, తర్వాత రాడ్ పట్టుకుని తూకం మీద నిలబడి తీసివేస్తే సరి. జిమ్ తూకం రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుందని వదిన బాధ. చూపిస్తే చూపించనీ, తీసివేతలో పోతుంది.