రోటరీ ఇంజన్‌కు ఆయిల్ కూలర్: విశాఖ ఎండకు సరిపడే లెక్క

పిస్టన్లకు బదులు మూడు ముఖాల రోటార్ తిరిగే మాజ్దా కార్ల 13బి రోటరీ ఇంజన్‌ను సొంతంగా కట్టుకున్న విమానానికి బిగించేవారు నీళ్ల రేడియేటర్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా ఆయిల్ కూలర్ మీద పెట్టరని నా అభిప్రాయం. అమెరికాలో అలాంటి విమానమే కట్టుకున్న మా మేనల్లుడు ఈమధ్య పంపిన అంకెలు చూశాక అది మరింత బలపడింది. విమానం పైకి ఎక్కుతున్నంతసేపూ రేడియేటర్ నీళ్లు (కూలెంట్) 85 డిగ్రీల దగ్గర బుద్ధిగా నిలబడితే, ఆయిల్ మాత్రం 100 దాటి ఇంకా ఎగబాకుతోంది. "మామయ్యా, ఇంకో పెద్ద కూలర్ కొననా?" అని అడిగాడు. ఆగమన్నాను.

పిస్టన్ ఇంజన్‌లో ఆయిల్‌కు ప్రధానమైన పని కందెనగా ఉండడం. వేడిని మోయడం దాని తర్వాతి మాట. వాంకెల్ అని కూడా పిలిచే ఈ రోటరీలో ఈ రెండూ సమానమైన పనులే. చుట్టూ ఉన్న హౌసింగ్‌లో నీళ్లు తిరుగుతాయి గానీ, లోపల తిరిగే మూడు ముఖాల రోటార్‌ను ఆ నీళ్లు తాకే అవకాశమే లేదు. మంట తగిలే ఆ ముఖాల వేడి బయటపడాలంటే ఆయిలే గతి. అందుకే రోటార్లను మోసే ఎసెంట్రిక్ షాఫ్ట్‌కు ఉన్న చిన్న జెట్ల గుండా ఆయిల్ రోటార్ బోలు భాగంలోకి చిమ్మి, అక్కడి వేడిని పట్టుకుని ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి జారిపోతుంది. కూలింగ్ వ్యవస్థ మోసే మొత్తం వేడిలో సుమారు మూడో వంతు ఆయిల్ వాటాకే వస్తుందని ఈ ఇంజన్లతో పనిచేసేవారు లెక్క కడతారు.

విమానాలకు ఎక్కువగా వాడే లైకమింగ్ ఓ-360 పిస్టన్ ఇంజన్‌కు ఆయిల్ గరిష్ఠ పరిమితి 118 డిగ్రీలు. రోటరీ వాడేవారు ఇంజన్‌లోకి వెళ్లే ఆయిల్‌ను 100 డిగ్రీలకు లోపే ఉంచాలని చూడడం అతి జాగ్రత్తేమీ కాదు. రోటార్ పక్కన ఉండే ఆయిల్ సీళ్ల కింద సన్నటి రబ్బరు రింగులుంటాయి. వేడికి అవి గట్టిపడితే ఆయిల్ దహన గదిలోకి జారి, స్టార్ట్ చేయగానే నీలంగా పొగ వస్తుంది. రింగులు మార్చాలంటే ఇంజన్ మొత్తం విప్పక తప్పదు.

ఇక లెక్కకు వద్దాం. ఆయిల్ మోయవలసిన వేడి 30 కిలోవాట్లు, ప్రవాహం నిమిషానికి 40 లీటర్లు అనుకుంటే, కూలర్‌లో ఆయిల్ సుమారు 25 డిగ్రీలు దిగాలి. అదే ప్రవాహంలో నీళ్లయితే 11 డిగ్రీలు దిగితే చాలు, ఎందుకంటే కిలోకు ఆయిల్ పట్టుకునే వేడి నీళ్లు పట్టుకునేదానిలో సగమే. పైగా చిక్కటి ఆయిల్ గొట్టం గోడలకు అంటిపెట్టుకుని నెమ్మదిగా జారుతుంది గనుక వేడిని అంత సులువుగా వదలదు. ఈ 30 కిలోవాట్లను గాలికి అప్పగించాలంటే, గాలి 30 డిగ్రీలు వేడెక్కుతుందనుకున్నా, సెకనుకు ఒక కిలో గాలి కావాలి. అంటే మన విశాఖ మే నెల వేడిలో దాదాపు 870 లీటర్లు.

విశాఖ ప్రస్తావన ఊరికే తేలేదు. చాలామంది డిజైన్ లెక్కలు 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణం మీద వేస్తారు. ఆయిల్ 95 డిగ్రీల దగ్గర ఉంటే అక్కడ గాలికీ ఆయిల్‌కూ తేడా 80. ఇక్కడ బయట 35 ఉన్న రోజున 60 మాత్రమే. అదే కూలర్, అదే గాలి, కానీ నాలుగో వంతు సామర్థ్యం గాలిలో కలిసిపోయింది. గాలి సాంద్రత ఆరు శాతం తగ్గడం దానికి అదనం. మేనల్లుడు ఉండే చోట వేసవి మనకంటే ఘోరం గనుక ఇదే లెక్క వేసుకోమన్నాను.

అసలు కష్టం విమానం ఎక్కేటప్పుడే వస్తుంది. గంటకు 280 కిలోమీటర్లతో సాగే విమానం 170తో ఎక్కుతుంటే, గాలిని కూలర్‌లోకి తోసే పీడనం వేగం వర్గాన్ని బట్టి మూడో వంతు చిల్లరకు పడిపోతుంది. అదే సమయంలో ఇంజన్ పూర్తి శక్తితో తిరుగుతుంటుంది. కాబట్టి సమతలంలో ఎగిరేటప్పుడు ఆయిల్ చల్లగా ఉందని మురిసిపోవడంలో అర్థం లేదు.

గాజువాక ఆటోనగర్‌లో రేడియేటర్లు బాగుచేసే పెద్దాయన ఒకరు కూలర్ వెనక టార్చి పెట్టి, దాని సన్నటి రేకు రెక్కల సందుల్లోంచి వెలుతురు ఎంత వస్తోందో ముందు చూస్తారు. సముద్రం దగ్గర వాడిన అల్యూమినియం కూలరైతే ఉప్పుగాలికి రెక్కల మొదళ్లలో తెల్లటి పొడి పట్టి సగం సందులు చీకటిగా కనిపిస్తాయి. "గాలి పోని చోట ఎంత పెద్దది పెట్టినా దండగేనండి బాబూ" అన్న ఆయన మాట విమానానికీ వర్తిస్తుంది.

అందుకే మేనల్లుణ్ణి నాలుగు చోట్ల వేడి కొలవమన్నాను: కూలర్‌లోకి వెళ్లే ఆయిల్, బయటకొచ్చే ఆయిల్, కూలర్ ముందు గాలి, దాని వెనక రెక్కలకు ఆనుకుని వచ్చే గాలి. వెనక గాలి బాగా చల్లగా ఉండి, ఆయిల్ కూడా పెద్దగా దిగకపోతే, ఆయిల్, కూలర్ గుండా పోకుండా బైపాస్ వాల్వు అనే అడ్డదారిన పోతోందేమో చూడాలి. వెనక గాలి ఆయిల్‌కు దగ్గరగా కాలిపోతుంటే, వచ్చిన కొద్దిపాటి గాలీ మోయగలిగినంతా మోసేసిందన్నమాట. అతనికి 102 డిగ్రీల ఆయిల్‌కు 84 డిగ్రీల గాలి వచ్చింది, బయట 30. తప్పు కూలర్‌ది కాదు, గాలిని కూలర్‌కు తెచ్చే డక్టుది. నోటి దగ్గర ఇరుకు, అంచుల దగ్గర వేలు దూరే సందులు. సందులు సిలికాన్‌తో మూసి, గాలి నెమ్మదిగా వెడల్పయ్యేలా డక్టును సాగదీసి, వేడిగాలి బయటికిపోయే దారిని కూడా పెంచుతున్నాడు. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు.

ఎసెంట్రిక్ షాఫ్ట్ ముందు కొసన ఉండే థర్మల్ పెల్లెట్ అనే, వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే చిన్న కవాటం సంగతీ చెప్పాలి. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు రోటార్లకు ఆయిల్ తక్కువగా పోయేలా అది దారి మళ్లిస్తుంది. అరిగి సరిగా మూసుకోకపోతే వేడెక్కాక కూడా పీడనం కారిపోతూనే ఉంటుంది. విమానాల్లో వాడేవారిలో చాలామంది దాన్ని తీసేసి గట్టి ప్లగ్ బిగిస్తారు, నేనూ అదే చేయమంటాను. అలా చేసినవారు ఆయిల్ 70 డిగ్రీలకైనా చేరేదాకా నేల మీదే ఓపిక పట్టి, ఆ తర్వాతే పూర్తి థ్రాటిల్ ఇవ్వాలి.