తాయెత్తు ఉండనివ్వండి, మాత్ర మాననివ్వకండి

మనసు జబ్బు చేసిన మనిషిని తీసుకుని "గాలి సోకిందండీ" అంటూ వచ్చిన ఇంటివాళ్లతో "అవన్నీ మూఢనమ్మకాలమ్మా" అన్నారో, మళ్లీ రారు. కౌన్సెలర్ ముందు అడగాల్సింది: దేనివల్ల వచ్చిందనుకుంటున్నారు, ఎవరి దగ్గరికి వెళ్లారు, ఏం కట్టారు, ఏం తినొద్దన్నారు. ఆ తర్వాతే నిద్ర, తిండి, ఫిట్స్, చనిపోవాలన్న ఆలోచన. ఈ చివరిది సూటిగానే అడగాలి; అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ.

జాతరలో పూనకం వచ్చి, దిగగానే మామూలుగా పనిలో పడితే అది జబ్బు కాదు. వారాల తరబడి నిద్రలేక, తనలో తాను మాట్లాడుకుంటూ, స్నానం కూడా మానేస్తే డాక్టరుకు చూపించాల్సిందే.

అసలు చిక్కు దీక్షల దగ్గర. మాల వేసుకున్న 41 రోజులూ కొందరు మాత్రలు ఆపేస్తారు. రంజాన్ ఉపవాసంలో ఒంట్లో నీరు తగ్గితే లిథియం (మూడ్ జబ్బులకిచ్చే మందు) రక్తంలో పెరిగి చేతులు వణకడం, వాంతులు, తూలడం మొదలవ్వొచ్చు. నెల ముందే డాక్టరుతో మాట్లాడాలి. గురుస్వామి నోట "మాత్ర వేసుకో స్వామీ" అనిపిస్తే మన అరగంట ఉపన్యాసం అక్కర్లేదు.

గొలుసుల విషయంలో మాత్రం రాజీ లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు తప్పించుకోలేకపోయారు. 28 మంది పోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. అర్ధరాత్రి అవసరం పడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.