నడిమి అడుగు

శనివారం. రాత్రి నుంచీ తుంపర పడుతూనే ఉంది. పొద్దున ఆరింటికి బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర నేను పిల్లలకు ట్రిపుల్ జంప్ నేర్పే మా గ్రౌండుకు చేరేసరికి పిట్‌లో ఇసుక అట్టకట్టుకుపోయింది. పెద్ద పిల్లలకు పారలిచ్చి అడుగుదాకా తిరగెయ్యమన్నాను. బిగుసుకున్న ఇసుకలో పిరుదుల మీద పడితే వెన్ను దాకా అదురుతుంది. ఎంత ఆలస్యమైనా సరే, ఇసుక గుల్లబారాకే ఎవరైనా దూకేది. పార పట్టీ పట్టీ మా పిల్లల భుజాలూ నడుములూ గట్టిపడ్డాయి, అదొక లాభం.

చలిగాలి ఉంది కాబట్టి వార్మప్ పొడిగించాను. కొత్తగా చేరిన బాబొకడు "ఇంకా ఎంతసేపు మేడమ్, ఒళ్ళు వేడెక్కింది గదా" అన్నాడు. వాణ్ణి నా పక్కనే పరిగెత్తిస్తూ హెన్రీ రెబెలో సంగతి చెప్పాను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ట్రిపుల్ జంప్ ఫైనల్ దాకా వెళ్ళిన మనవాడు. అప్పటికి 19 ఏళ్ళు. ఒళ్ళు వేడి చేసుకుని దూకడానికి నిలబడితే, పతకాలిచ్చే కార్యక్రమం జరుగుతోంది, ఆగమన్నారు. ఆ చలిలో నిలబడి నిలబడి కండరాలు బిగుసుకున్నాయి. పిలిచాక పరిగెత్తి దూకబోతే తొడ వెనక కండరం తెగింది. అంతటితో అతని ఒలింపిక్స్ అయిపోయింది. బాబు ఇంకేం మాట్లాడకుండా నాతో పాటు మరో చుట్టు పరిగెత్తాడు.

ఇవాళ నా మనసంతా హోస్కోటె నుంచి వచ్చే పిల్ల మీదే ఉంది. 13 ఏళ్ళు. మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం, తండ్రి టెంపో నడుపుతాడు. ట్రిపుల్ జంప్ అంటే పరిగెత్తుకొచ్చి ఆగకుండా వేసే మూడు గెంతులు: హాప్, స్టెప్, చివర ఇసుకలోకి జంప్. ఆ పిల్ల హాప్‌కు లేచిందంటే చూసేవాళ్ళు నోరు తెరవాల్సిందే. అంత ఎత్తు. చిక్కల్లా ఆ తర్వాతే. దిగిన కాలు మోకాలి దగ్గర మడిచిపోతుంది, నడుం ముందుకు వంగుతుంది, స్టెప్ వేసేది ముందుకు పోవడానికి కాకుండా పడిపోకుండా ఆపుకోవడానికన్నట్టు ఉంటుంది. ఎగిరిందంతా అక్కడే నేలపాలు.

ఎందుకిలా నేర్చుకుందో నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. పెద్ద పోటీల్లో మొదటి గెంతుకు లేచే బోర్డు నుంచి ఇసుకకు మగవాళ్ళకు 13 మీటర్లు, ఆడవాళ్ళకు 11 మీటర్లు ఉంటుంది. ఇంతకు ముందు చదివిన బడిలో ఈ పిల్లను ఆ 11 మీటర్ల బోర్డు నుంచే దూకించారు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లకు ఇసుక అందుతుందో లేదోనన్న భయం ఉండదా? ఆ భయంతో ఉన్న బలమంతా హాప్‌లోనే ధారపోయడం అలవాటైంది. ఆ బడివాళ్ళ మీద నాకు కోపమే. పిల్ల దగ్గర అంత బలం ఉన్నప్పుడు గీతను ఇసుక దగ్గరికి జరపడానికి డబ్బూ అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. పిడికెడు సున్నం చాలు.

హాప్‌లో ఏ కాలితో లేస్తామో ఆ కాలి మీదే దిగాలి, దిగిన ఆ కాలితోనే మళ్ళీ స్టెప్‌కు లేవాలి. పెద్ద జంపర్లలో ఆ ఒంటికాలి మీద పడే బలం ఒంటి బరువుకు పది రెట్లు దాటుతుంది. కాలు నేల మీద ఉండేదేమో సెకనులో ఐదో వంతు కన్నా తక్కువ. హాప్ ఎంత ఎత్తుకు పోతే అంత బరువుతో దిగుతాం. ఇంకా ఎముకలు ముదరని పిల్ల కాలు ఆ బరువును ఎలా తిప్పి పైకి పంపుతుంది? అందుకే నేను పిల్లల్లో అన్నిటికంటే ముందు చూసేది స్టెప్‌ను. హాప్‌కు పరుగు వేగం తోడుంటుంది, చివరి జంప్‌కు ఇసుక ఎదురుగా కనిపిస్తూ ఉత్సాహం ఇస్తుంది. మధ్యదానికి ఏ తోడూ ఉండదు. నేర్పితే తప్ప రాదు, ఓపిక పట్టి నేర్పాలి.

బ్రిటన్ జంపర్ జొనాథన్ ఎడ్వర్డ్స్ 1995లో గొథెన్‌బర్గ్‌లో ప్రపంచ రికార్డుగా దూకిన 18.29 మీటర్లను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. హాప్ 6.05, స్టెప్ 5.22, జంప్ 7.02. మొదటిదాన్ని ఇంకా పొడుగు చేసుకోగలిగినవాడే, కానీ తక్కువ ఎత్తులో పోనిచ్చి వేగాన్ని దాచుకున్నాడు. ఆ దాచుకున్నదంతా చివర్లో బయటికొచ్చింది. చెరువులో పలచటి పెంకు విసిరితే నీళ్ళను తాకీ తాకకుండా ఎగిరెగిరి పోయినట్టు పోతాడు ఆ వీడియోలో. హోస్కోటె పిల్లకు ఆ వీడియోను నెమ్మదిగా నడిపి చూపించాను. "మేడమ్, హాప్ చిన్నదే గదా" అంది ఆశ్చర్యంగా. చిన్నదేం కాదమ్మా, తక్కువ ఎత్తు, అంతే అన్నాను.

గీతను ఇసుకకు బాగా దగ్గరికి జరిపి, పరుగు ఆరు అంగలకు కుదించాను. ఆ తర్వాత మా మడమ నొప్పి బాబును పిలిచి రన్‌వే పక్కన స్టూలు వేసి కూర్చోమన్నాను.

వీడి కథ ఇంకొకటి. సామాన్ల గది తలుపు మీద నెలనెలా పిల్లల ఎత్తు పెన్సిల్‌తో గీస్తాను. వేసవి తర్వాత వీడి గీత ఒక్కసారిగా నాలుగు వేళ్ళు పైకి పోయింది. అదయిన కొన్నాళ్ళకే కుంటడం మొదలైంది. మడమను రెండు వైపులా వేళ్ళతో నొక్కితే "నోవుతాంది మేడమ్" అని కాలు లాక్కున్నాడు. డాక్టరు చూసి సీవర్స్ అన్నారు. ఈ వయసులో మడమ ఎముక కొసన ఎదిగే భాగం ఇంకా గట్టిపడి ఉండదు. ఎముక గబగబా పొడుగవుతుంటే పిక్క కండరం దానంత తొందరగా సాగదు, దూకిన ప్రతిసారీ ఆ లేత చోటును పట్టి లాగుతుంది. కొన్నాళ్ళు ఆగితే తగ్గుతుంది, ఆగకపోతే పీడిస్తూనే ఉంటుంది. అందుకని వాడికి దూకడం బంద్. సైకిలు, పొట్ట కండరాల కసరత్తులు, మెడిసిన్ బాల్ మాత్రమే. వాళ్ళమ్మ మొదట్లో "అక్కా, ఊరికే కూర్చోబెట్టేదానికి పంపించల్లా?" అని అడిగింది. నిజమే, ఊరికే కూర్చోబెడితే ఏ పిల్లవాడైనా గ్రౌండుకు రావడం మానేస్తాడు. అందుకే వాడికి ఒక పని ఇచ్చాను.

కళ్ళు మూసుకుని, దూకేవాళ్ళ పాదాల చప్పుడు వినడం వాడి పని. టప్, టప్, టప్. మూడూ సమానమైన ఎడంతో పడితే బాగున్నట్టు. రెండో చప్పుడుకూ మూడో చప్పుడుకూ మధ్య ఎడం తగ్గితే స్టెప్ చచ్చిపోయినట్టు. వాడి చెవి ఎంత పదునెక్కిందంటే, వీడియో పెట్టి చూడక ముందే చెప్పేస్తాడు. ఇవాళ హోస్కోటె పిల్ల మొదట దూకినప్పుడు కళ్ళు తెరవకుండానే "టప్ అంది, ఆమేన టపటప అనేసింది" అన్నాడు. ఆ పిల్లకు నా మాట కంటే వాడి మాట ఎక్కువ ఎక్కింది.

తర్వాత కాలు తీసుకొచ్చే పద్ధతి చెప్పాను. స్టెప్‌లో ముందు తొడను నేలకు సమానంగా లేపి, దించడానికి తొందరపడకుండా కాసేపు అక్కడే ఉంచాలి. నేల దగ్గరికొచ్చాక పాదాన్ని వెనక్కి గీరినట్టు లాగి దించాలి. మడమ గుచ్చుకోకూడదు, మునివేళ్ళ మీద పడకూడదు, అరికాలంతా ఒకేసారి ఆనాలి. ఇవాళ తుంపర మంచే చేసింది. మట్టి రన్‌వే మీద జారేంత తడి లేదు, పాదం అచ్చు పడేంత తడి ఉంది. ఆ పిల్లను వెనక్కి పిలిచి తన అచ్చులు తననే చూడమన్నాను. హాప్ దిగిన చోట మడమ దగ్గర వేలు దిగేంత గుంట, ముందు భాగంలో మట్టి ఎత్తుకుపోయి ఉంది. అంటే కాలు ఒంటికి చాలా ముందు పడి బ్రేకు వేసింది. మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి చూసింది. "ఇక్కడే నిలబడిపోతున్నా గదా మేడమ్." నేను పది వాక్యాల్లో చెప్పేదాన్ని ఆ గుంట చెప్పేసింది.

మళ్ళీ దూకింది. ఇంకోసారి. హాప్ తగ్గించడం ఆ పిల్లకు చాలా కష్టమవుతోంది, మొహంలోనే తెలుస్తోంది. తన దగ్గరున్న గొప్పదాన్ని వదులుకోమన్నట్టుగా ఉంటుంది మరి. కానీ ఒకసారి కుదిరింది. స్టూలు మీది బాబు కళ్ళు తెరిచి లేచి నిలబడ్డాడు. వెళ్ళి అచ్చు చూస్తే అరికాలు మొత్తం, మడమ నుంచి వేళ్ళ దాకా ఒకే లోతు. నా పాదంతో కొలిచాను, స్టెప్ ఎప్పటికంటే ఒక పాదం పొడుగు వచ్చింది. మరోసారి దూకుతానంది. వద్దన్నాను. అలిసిన కాలితో దూకితే పాత అలవాటే తిరిగొస్తుంది. చిన్నపిల్లలతో కలిసి తొక్కుడుబిళ్ల ఆడుకోమన్నాను, ఇక్కడి పిల్లలు కుంటెబిల్లె అంటారు. ఎడమ కాలితోనే ఆడాలని షరతు. తనకు రానిది ఆ కాలే.

ప్రాక్టీసయ్యాక పిల్లలు ఉడికించిన గుడ్లు తిని రాగి అంబలి తాగుతుంటే హోస్కోటె పిల్ల నాన్న వచ్చాడు.

"మేడమ్, వచ్చే నెల జిల్లా మీట్ ఉంది. పాప ఎంత దూరం దూకుతాందో ఒకసారన్నా చెప్పరే మీరు. టేపు పట్టనే పట్టరు."

"స్టెప్ కుదిరేదాకా పట్టనన్నా. టేపు కనబడితే మళ్ళా హాప్‌నే పెద్దది చేస్తుంది."

"బర్మింగ్‌హామ్‌లో చూడలేదా మేడమ్, ఎల్దోస్ పాల్ 17.03, అబూబకర్ 17.02. ఒక్క సెంటీమీటర్‌తో బంగారం చేయి మారింది. ఆట్లో కొలతే గదా అంతా."

నాకు సంతోషమేసింది. టెంపో నడుపుకునే మనిషి, 2022 కామన్వెల్త్ కొలతలు కంఠతా పట్టాడు కూతురి కోసం. ఆయన చెప్పింది తప్పూ కాదు. "అన్నా, ఆ రోజుకు ఎల్దోస్‌కు 25 ఏళ్ళు. ఎడ్వర్డ్స్ రికార్డు కొట్టేటప్పటికి 29. పాపకు 13. ఆ ఒక్క సెంటీమీటర్ కోసం కొట్లాడే వయసు వచ్చేసరికి ఈ మోకాళ్ళు, ఈ మడమలు బాగుండల్ల గదా" అన్నాను. ఆయన కాసేపు కూతురి వైపు చూసి, సాయంత్రం ఫోన్ చేస్తానని వెళ్ళాడు.

మధ్యాహ్నం పెద్ద పిల్లలను తీసుకుని పర్పుల్ లైన్ మెట్రోలో కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగి కంఠీరవ స్టేడియంకు వెళ్ళాను. దారంతా కొలతల మీదే వాదన. 2016లో ఈ ఊళ్ళోనే రంజిత్ మహేశ్వరి దూకిన 17.30 గొప్పదా, 2023లో హవానాలో ప్రవీణ్ చిత్రవేల్ దూకిన 17.37 గొప్పదా అని. వాళ్ళలో 17 ఏళ్ళ అమ్మాయి ఒకతె మాత్రం వెనిజువెలా జంపర్ యులిమార్ రోహాస్ తప్ప ఎవరి పేరూ ఎత్తదు. 2022లో బెల్‌గ్రేడ్‌లో 15.74, ఆడవాళ్ళ ప్రపంచ రికార్డు. ఈ అమ్మాయి అవ్వకు ఈ ఆటంటే ఇప్పటికీ గుబులే, ఆడపిల్ల కడుపులో పేగులు కదులుతాయంటుంది. ఆమెను అని ఏం లాభం, ఒలింపిక్స్‌ వాళ్ళే ఆడవాళ్ళకు ట్రిపుల్ జంప్ పెట్టింది 1996లో. మయూఖా జానీ 2011లో 14.11 దూకిన వీడియో ఆ అవ్వకు నేనే చూపించాను. రెండోసారి తనే అడిగి చూసింది.

సింథటిక్ ట్రాక్ మీద ఆ అమ్మాయి స్టెప్‌లో ఉండగా వెనక కాలి వేళ్ళు నేలకు రాసుకున్నాయి. ఫౌల్ అనుకుని మధ్యలోనే ఆపేసి పక్కకు పరిగెత్తింది. నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే ఆ రోజుకు అదే మంచి జంప్ అయ్యేది. ఊరికే ఉండే కాలు నేలకు తగిలినంత మాత్రాన ఫౌల్ కాదు, నియమాల్లో స్పష్టంగా ఉంది. ఎప్పుడో ఎవరో తగిలితే ఫౌల్ అని చెప్పి ఉంటారు. అక్కడున్న పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఇసుకలో పడేదాకా ఎవరూ తీర్పు చెప్పుకోకండి, తీర్పు చెప్పడానికి జెండా పట్టుకున్న మనిషి వేరే ఉన్నాడని చెప్పాను.

రాత్రి ఎనిమిదింటికి హోస్కోటె నుంచి ఫోన్ వచ్చింది. జిల్లా మీట్‌కు పాప లాంగ్ జంప్, పరుగు, రెండిట్లోనే పేరిస్తుంది. ట్రిపుల్ జంప్‌కు ఈ ఏడు ఇవ్వదు. "వచ్చే ఏడు టేపు పట్టుకుని నేనే వస్తా మేడమ్" అన్నాడు ఆయన. రండన్నా, కొలుద్దాం, మూడూ వేరువేరుగా కొలుద్దాం అన్నాను. పక్కనుంచి పిల్ల గొంతు వినిపించింది: "ఆయ్తు అనప్పా!" కన్నడంలో సరే అని.

మంగళవారం ఆ పిల్లకు ఎడమ కాలితో మొదలుపెట్టే హాప్ నేర్పాలి, గడ్డి మీద, నడక వేగంతో. మడమ బాబుకు మళ్ళీ నొక్కి చూడాలి. సున్నం అడుగంటింది, ఇంకో బస్తా తెప్పించాలి.