టీవీ వెనక దుమ్ములో ఏముంది?

దుమ్మంటే బయటి మట్టే అనుకుంటాం, కిటికీలు మూస్తే సరిపోతుందనుకుంటాం. కానీ అన్నీ బిగించిన గదిలోనూ టీవీ వెనక వేలు పెట్టి గీస్తే బూడిదరంగు పొర వస్తుంది, అందులో నూలుపోగులు, వెంట్రుకలు, సోఫా ఫోమ్ పొడి. కంటికి ఆనని సరుకు ఇంకోటుంది, అందులో చాలా భాగం మనం డబ్బులిచ్చి కొనుక్కున్నదే.

సోఫా ఫోమ్, టీవీ డబ్బా తొందరగా నిప్పంటుకోకుండా మంట నిరోధకాలనే రసాయనాలు కలుపుతారు. వినైల్ అనే ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతారు. వీటిలో చాలావాటికి ఆ ప్లాస్టిక్‌తో గట్టి బంధమేమీ ఉండదు, ఊరికే కలిసి ఉంటాయంతే, అందుకే ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికొచ్చి దుమ్మును పట్టుకుంటాయి. ఆరుబయటైతే ఎండ, వాన, మట్టిలోని సూక్ష్మజీవులు వాటి పని పడతాయి. ఇంట్లో ఆ ఏర్పాటు లేదు కదా! అమెరికాలో 1972లోనే నిషేధించిన డీడీటీ అనే పురుగుల మందు, దశాబ్దాల తర్వాత కూడా అక్కడి ఇళ్ల దుమ్ములో దొరికింది. ఇంటి దుమ్ము మీద అక్కడ జరిగిన పరిశోధనలు కలిపి 2016లో లెక్క తీస్తే 45 రసాయనాలు తేలాయి, అందులో పది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, థాలేట్లదే పైచేయి.

ఉన్నంత మాత్రాన జబ్బు చేస్తుందని కాదు, ఎంత లోపలికి పోతోందన్నదే అసలు సంగతి. మాస్క్ పెట్టుకోవాలేమో అని టెన్షన్ పడతారుగానీ, వీటిలో చాలావాటికి ముక్కు కన్నా చెయ్యే పెద్ద దారి: దుమ్ము వేళ్లకంటుతుంది, అవే వేళ్లతో తింటాం. పాకే పిల్లల సంగతి చెప్పక్కర్లేదు, నేలంతా తడిమి, రిమోట్ నోట్లో పెట్టుకుని, అవే వేళ్లు చప్పరిస్తారు, పైగా వాళ్ల బరువెంతని? ఒళ్లంతా నాక్కునే పిల్లులదీ ఇదే కథ, వాటి రక్తంలో ఈ మంట నిరోధకాలు బాగానే కనిపించాయి.

పాత రకం బ్రోమిన్ మంట నిరోధకాల్లో కొన్నిటిని స్టాక్‌హోమ్ ఒప్పందం (ఏళ్ల తరబడి పోని విష రసాయనాల మీద దేశాలు చేసుకున్న ఒప్పందం) కింద 2009లో, డెకా అనే రకాన్ని 2017లో నిషేధ జాబితాలో చేర్చారు. మంచిదే, కాకపోతే వాటి బదులు వచ్చిన ఫాస్ఫరస్ రకాలూ ఇప్పుడు దుమ్ములో దొరుకుతున్నాయి. ఒకటి పోతే ఇంకోటి, ఈ తంతు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పొడి చీపురుతో ఊడిస్తే సన్నదుమ్ము లేచి మళ్లీ అక్కడే కూర్చుంటుంది, తడిగుడ్డ పెట్టి తుడవండి. తినేముందు సబ్బుతో చేతులు కడగండి. సోఫా కవరు చిరిగి ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే మాత్రం వాయిదా వెయ్యకుండా కుట్టించండి, లేదా దాన్ని సాగనంపండి.