పంతొమ్మిదో అవెన్యూ, హాలోవే మూల

మనవరాలి హోంవర్కు లేకపోతే నేను శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీ మొహం చూసేవాణ్ణే కాదు. ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి నెలన్నర అయింది. గోల్డెన్ గేట్ వంతెన చూశాం, ఫోటోలు దిగాం, ఇక పొద్దు గడవడమే కష్టంగా ఉంది. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒక సాయంత్రం వచ్చి, "తాతా, 1968లో నీకు ఎన్నేళ్లు?" అని అడిగింది.

"పదిహేడు."

"అయితే నీకు తెలిసే ఉంటుంది" అని బడిలో ఇచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది. ఎత్నిక్ స్టడీస్ అనే చదువు, అంటే అమెరికాలోని తెల్లవాళ్లు కాని జాతుల చరిత్ర, సంస్కృతి చదవడం, ఎక్కడ, ఎలా మొదలైందో రాయాలట. నాకేమీ తెలియదు. ఇద్దరం కూర్చుని వారం రోజులు చదివాం. చదివాక ఆ చోటు చూడాలనిపించింది.

బార్ట్ రైల్లో డేలీ సిటీ దాకా దాదాపు గంట. అక్కడ 28వ నంబరు బస్సు ఎక్కాలి. ఫ్రీమాంట్‌లో ఎండ కాస్తోందని స్వెట్టర్ ఇంట్లో వదిలి వచ్చాను. ఇక్కడ దిగేసరికి సముద్రం మీది నుంచి పొగమంచు, ఎముకలు కొరికే గాలి. జులైలో వణికాను. పిల్ల తన శాలువా ఇచ్చింది, పువ్వుల డిజైనుది. అదే కప్పుకుని తిరిగాను.

శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ అప్పట్లో కాలేజీ, ఇప్పుడు యూనివర్సిటీ. అక్కడి నల్లజాతి విద్యార్థులకు ముందు నుంచీ నీగ్రో స్టూడెంట్స్ అసోసియేషన్ అని ఒక సంఘం ఉండేది. 1966లో అది బ్లాక్ స్టూడెంట్స్ యూనియన్‌గా మారింది. అమెరికాలో ఆ పేరుతో పుట్టిన మొదటి సంఘం ఇదే అంటారు. జిమ్మీ గ్యారెట్, జెర్రీ వర్నాడో వంటివాళ్లు ముందుండి నడిపారు. గ్యారెట్ అంతకుముందే పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసి వచ్చినవాడు. తర్వాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్న డానీ గ్లోవర్ కూడా ఈ సంఘంలోనివాడే.

ఆ చదువు కోసం 1968లో వీళ్లు సమ్మె చేశారు. సమ్మె అనగానే నినాదాలు, రాళ్లు గుర్తొస్తాయి. కానీ ఈ పిల్లలు ముందు చేసింది ట్యూషన్లు చెప్పడం. నల్లవాళ్లు ఉండే పేటలకు వెళ్లి చిన్నపిల్లలకు చదువు చెప్పారు. విద్యార్థులే నడుపుకునే ఎక్స్‌పెరిమెంటల్ కాలేజీలో తమ చరిత్ర, తమ సాహిత్యం మీద పాఠాలు పెట్టించారు. 1967లో కవి అమీరి బరాకా వచ్చి వాళ్లతో నాటకాలు ఆడించాడు. కవయిత్రి సోనియా శాంచెజ్ పాఠాలు చెప్పింది. 1968 ఫిబ్రవరిలో సామాజిక శాస్త్రవేత్త నేథన్ హేర్‌ను బ్లాక్ స్టడీస్, అంటే నల్లజాతి చరిత్ర, సంస్కృతుల కోర్సు తయారుచేయడానికి తీసుకున్నారు. కోర్సు కాగితం మీదే ఉండిపోయింది. ఆ శరత్కాలంలో జార్జ్ ముర్రే అనే ఇంగ్లిష్ ఇన్‌స్ట్రక్టర్‌ను సస్పెండ్ చేశారు. అతను నల్లజాతి హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు కూడా. ఇక ఆగలేదు. 1968 నవంబర్ 6న సమ్మె మొదలైంది.

యూనివర్సిటీ లైబ్రరీలో ఆ సమ్మె కాగితాలన్నీ దాచి ఉంచారు. ముందే ఈమెయిల్ పెట్టి వెళ్లాం. పెట్టె తెరవగానే నాకు సైక్లోస్టైల్ సిరా వాసన వచ్చినట్టనిపించింది. యాభై ఏళ్ల తర్వాత వాసన ఎక్కడిది, నా భ్రమ. నేను ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో చేశాను, యూనియన్ చార్టర్లు చాలా టైపు చేశాను. బ్లాక్ స్టూడెంట్స్ యూనియన్ పెట్టిన పది డిమాండ్లు చదువుతుంటే నాకు తెలిసిన భాషే అనిపించింది. విప్లవం గురించి ఒక్క ముక్క లేదు. బ్లాక్ స్టడీస్‌కు 20 పూర్తికాలపు పోస్టులు ఇవ్వాలి. హేర్‌కు ఫుల్ ప్రొఫెసర్ హోదా, అర్హతకు తగ్గ జీతం ఇవ్వాలి. ప్రత్యేక ప్రవేశాల కింద ఖాళీగా మిగిలిపోయిన సీట్లు వచ్చే సెమిస్టర్‌లోనే నింపాలి. ముర్రేను ఆ ఏడాది ఉద్యోగంలో ఉంచాలి. సమ్మె చేసినందుకు ఎవరి మీదా చర్య తీసుకోకూడదు. సీట్లు, పోస్టులు, జీతం. "తాతా, ఇవేనా?" అంది పిల్ల, కొంచెం నిరాశగా. "ఇవే బిడ్డా, అసలు కథ ఇక్కడే ఉంది" అన్నాను.

లాటినో, చైనీస్, ఫిలిపినో విద్యార్థి సంఘాలు కలిసి థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్‌గా ఏర్పడి మరో అయిదు డిమాండ్లు కలిపాయి. మొత్తం పదిహేను.

పోలీసులు వచ్చారు, తలలు పగిలాయి. కాలేజీ ప్రెసిడెంట్ రాబర్ట్ స్మిత్ నవంబర్ చివర్లో రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో హయకావాను కూర్చోబెట్టారు. ఈయన ఇంగ్లిష్ ప్రొఫెసరు, జపాన్ మూలాలవాడు, తల మీద ఎప్పుడూ స్కాట్లండ్ టోపీ. డిసెంబర్ 2న విద్యార్థులు మైకు కట్టిన ట్రక్కు ఒకటి తెచ్చి పంతొమ్మిదో అవెన్యూ, హాలోవే మూల మీద నిలబెట్టారు. హయకావా స్వయంగా దాని మీదికెక్కి లౌడ్‌స్పీకర్ తీగలు పీకేశాడు. ఆ దృశ్యం దేశమంతా టీవీలో చూసింది. 1976లో ఆయన సెనేటర్‌గా గెలిచాడు. ఆ తీగలు పీకకపోతే గెలిచేవాడా అని నాకు అనుమానమే.

ఆ మూల ఇప్పుడు ట్రామ్ స్టాపు. పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎం లైన్ బండి కోసం నిలబడి ఉన్నారు. నేను రోడ్డుకు అటూ ఇటూ చూస్తూ ట్రక్కు ఎక్కడ నిలబెట్టి ఉంటారో లెక్క వేస్తుంటే, పువ్వుల శాలువా ముసలాణ్ణి చూసి ఒకబ్బాయి దారి తప్పాననుకుని సాయం చేయబోయాడు.

1969 జనవరిలో టీచర్ల యూనియన్ కూడా సమ్మెలోకి దిగింది. అదే నెల 23న ఒక్కరోజులో 400 మందికి పైగా అరెస్టయ్యారు. ఈ తేదీ దగ్గర నేను ఆగిపోయాను. అదే జనవరిలో తెలంగాణ ఉద్యమం రాజుకుంది. హన్మకొండలో మా కాలేజీ మూతపడింది. ఉద్యోగాల లెక్కలు, ఖాళీ పోస్టులు అంటూ మేమూ రోడ్డెక్కాం. ఇక్కడ ఇలా జరుగుతోందని మాకు తెలియదు, వాళ్లకు మా సంగతి తెలిసే అవకాశమే లేదు. రెండింటినీ ముడిపెట్టాలని నాకు లేదు. వాళ్లది వేరే గాయం.

మార్చి 20న ఒప్పందం కుదిరింది. నాలుగున్నర నెలలు, అమెరికాలో ఇంత సుదీర్ఘమైన విద్యార్థి సమ్మె ఇంకొకటి లేదంటారు. ఆ ఏడాది శరత్కాలంలోనే ఎత్నిక్ స్టడీస్ విభాగం తెరుచుకుంది. దేశంలో అలాంటి విభాగం అదే మొదటిది. ముర్రేకు ఉద్యోగం తిరిగి రాలేదు. హేర్‌ను కూడా కొనసాగించలేదు. ఆ శాఖను నిలబెట్టడానికి వచ్చినవాడికే అందులో చోటు లేకపోయింది.

మధ్యాహ్నం నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ పేరు పెట్టిన ప్లాజాలో కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం. పక్కనే పిరమిడ్ ఆకారంలో విద్యార్థి భవనం, గోడ మీద మాల్కం ఎక్స్ బొమ్మ. 1994లో వేసిన మొదటి బొమ్మ చుట్టూ యూదులను కించపరిచే గుర్తులున్నాయని గొడవై యూనివర్సిటీ చెరిపేసింది. ఇది 1996లో వేసింది. గాలికి పులిహోర చల్లారి గట్టిపడింది. అయినా తిన్నాం.

పిల్ల పుస్తకం తీసి అడిగింది. "20 పోస్టులు అడిగారు కదా, ఇరవై వచ్చాయా?"

"అన్నీ రాలేదు."

"మరి ఎందుకు ఆపేశారు?"

"అలసిపోయారు. కోర్టు కేసులు మీద పడ్డాయి. సంతకం పెట్టిననాటికి కొందరు జైల్లో ఉన్నారు."

"మీరు ఎందుకు ఆపేశారు?"

"నాన్న వచ్చి చెవి పట్టుకుని ఊరికి తీసుకుపోయాడు."

నవ్వింది. అది మాత్రం హోంవర్కులో రాయొద్దని మాట తీసుకుని లేచాను. బస్సుకు ఇంకా పన్నెండు నిమిషాలుంది.